మనతో నడిచిన అంకె

మా ఇంటి డాక్టరమ్మకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అబ్బాయీ, కోడలూ, నువ్వు నాకు అప్పజెప్పి వెళ్ళిన గులాబీలూ కులాసా. అక్కడ నువ్వూ, నీ దగ్గర నర్సింగు నేర్చుకుంటున్న పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. డాక్టరమ్మ అని పిలిస్తే నీకు కోపమని తెలుసు. నర్సులకు పాఠాలు చెప్పే మనిషి వస్తే అక్కడి డాక్టర్లే కుర్చీలోంచి లేస్తారని రాశావు గదా, ఇక నేనెంత.

నువ్వడిగినవి ఒక్కొక్కటే తెమల్చనీ. వంటింటి కుళాయి కారడం ఆగింది. అబ్బాయే బాగుచేశాడు. డిపోలో బస్సుల ఇంజన్లు విప్పి బిగించేవాడికి కుళాయి ఒక లెక్కా అనుకున్నాం. ఒక పూటంతా పట్టింది, ఇల్లు చెరువైంది, వాడు తడిసి ముద్దయ్యాడు, చివరికి రెండు రూపాయల వాషరు మారిస్తే సరిపోయింది. నా కళ్ళజోడు దొరికింది. ఎక్కడ దొరికిందో అడగకు. ఫ్రిజ్‌లో అది ఎలా చేరిందో నాకూ తెలియదు. నీ ఉత్తరంలో ఆఖరున అడిగిన ప్రశ్నకు ఆఖరునే జవాబు రాస్తాను, మధ్యలో పేజీలు తిప్పి చూడకు.

ఇక కోడలి సంగతి. 'కూరలు తరగడానికే ఒక పూట పట్టే పిల్ల, మీ ఉరుకుల పరుగుల ఆఫీసులో ఎలా నెగ్గుకొస్తోంది' అని అడిగావు. ఎలా నెగ్గుకొస్తోందో చెప్పడానికే ఇవాళ కాగితాలు ఇన్ని ముందేసుకుని కూర్చున్నాను. చదివాక నువ్వు కూరల మాట మళ్ళీ ఎత్తవు.

నా పని ఏమిటో పెళ్ళైన దగ్గర్నుంచీ నీకు చెబుతూనే ఉన్నాను, నువ్వు మాత్రం పక్కింటావిడతో ఇప్పటికీ 'మట్టి ఆఫీసు' అనే అంటావు. మళ్ళీ ఒకసారి విను. మట్టిలో, రాళ్ళలో, నీళ్ళలో యురేనియం, థోరియం లాంటివి భూమి పుట్టిన నాటి నుంచీ కొద్దికొద్దిగా ఉన్నాయి. అవి నెమ్మదిగా మారుతూ కంటికి కనబడని కిరణాలు వదులుతుంటాయి. అవి లేని నేలంటూ లేదు. ఎక్కడ మామూలుగా ఉన్నాయి, ఎక్కడ మామూలును మించాయి అన్నది కొలిచి చెప్పడమే మా పని. మామూలుగా ఉన్నచోట జనాన్ని భయపెట్టకూడదు, మించినచోట ఊరుకోబెట్టకూడదు. రెండూ పాపమే.

ఆ పనికి నీ కోడలి నిదానం సరిగ్గా అతికింది. బోరునీళ్ళలో రేడాన్ అని ఒక గ్యాసు కరిగి ఉంటుంది. నీళ్ళు పట్టే సీసాలో ఒక్క బుడగ మిగిలినా చాలు, గ్యాసు అందులోకి జారుకుంటుంది, లెక్క తప్పుతుంది. అందుకని సీసాను బకెట్టు నీళ్ళలో ముంచి, లోపలే మూత బిగించి పైకి తీయాలి. మిగతావాళ్ళు చిన్న బుడగే గదా అని సర్దుకుపోతారు. ఈ పిల్ల తీసిన సీసాను ఎండకు పెట్టి తిప్పి చూస్తుంది, ఆవగింజంత బుడగ కనబడితే పారబోసి మళ్ళీ మొదలుపెడుతుంది. మన జీపు డ్రైవరు, అదే నువ్వు మైకు అని పేరు పెట్టినవాడు, ఒకరోజు విసిగిపోయి, "అమ్మగారు ఒక సీసా నింపేలోపు నేను మా అమ్మాయికి సంబంధం చూసి, ముహూర్తం పెట్టుకుని రావచ్చు సార్" అన్నాడు. ఆవిడ తలెత్తకుండానే, "వచ్చేటప్పుడు ఇంకో బకెట్టు తీసుకురా అన్నా" అంది.

ఆఫీసులో నన్ను సార్ అంటుంది. చేరిన మొదటి రోజే చెప్పేసింది: "ఇక్కడ మామయ్యా అని పిలిస్తే, నేను చేసిన పనంతా మీరు చేసి పెట్టిందే అంటారు. ఏమనుకోకండి." నేనేమనుకుంటాను. ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడవగానే మళ్ళీ మామయ్యనే అవుతాను.

ఈమధ్య మాకో పెద్ద పని వచ్చింది. నది ఒడ్డున ఉండేవాళ్ళ ఇళ్ళు ఏటా నీళ్ళపాలవుతున్నాయని, వాళ్ళందరికీ మిట్ట మీద కొత్త జాగా చూశారు. ఇళ్ళు కట్టే ముందు ఆ మట్టీ, బోరునీళ్ళూ మనుషులకు పనికొస్తాయో లేదో మేం తేల్చాలి. మేం సరేనంటే పునాదులు తవ్వుతారు, కాదంటే జాగా రద్దు. ఇంకో జాగా దొరికే లోపు మళ్ళీ వానలొచ్చేస్తాయి. మొత్తం పని కోడలికి అప్పజెప్పాను. ఆవిడ సొంతంగా చేస్తున్న మొదటి సైటు. నేను పక్కనుండి సంతకం పెట్టేవాణ్ణి, అంతే.

సైటుకు వెళ్ళినప్పుడల్లా ఒక వడ్రంగి పెద్దాయన ఎదురొచ్చేవాడు. నది ఒడ్డువాళ్ళ తరఫున మాట్లాడేది ఆయనే. ఇళ్ళకు ఇంకా రాయి పడలేదు, ఆయన మాత్రం దర్వాజాలు చేసేశాడు. రేకుల షెడ్డు కింద వరసగా నిలబెట్టి ఉంచాడు. ఇదేమిటండీ, ఇల్లు లేకుండానే గుమ్మాలా అంటే, "నా చేతిలో ఉన్న పని నేను చేసుకున్నాను, మీ చేతిలో ఉన్నది మీరు తేల్చండి" అన్నాడు. మాటకు మాట బాకీ ఉంచని మనిషి.

మట్టి సంచులు తెచ్చి, ఆరబెట్టి, జల్లించి, డబ్బాల్లో కూరి గాలి పోకుండా మూసి నెల్లాళ్ళు కదలకుండా పెట్టాలి. లోపలి రేడియం తన పిల్లాజెల్లాతో, అంటే దాన్నుంచి పుట్టే రేడాన్ లాంటివాటితో, కుదురుకునేదాకా కొలవకూడదు. కోడలు ఆ డబ్బాల జోలికి ఎవర్నీ రానివ్వలేదు. గడువు తీరాక కొలిచింది. మట్టీ మామూలే, నీళ్ళూ మామూలే. ఇక మిగిలింది కిరణాలు కొలిచే చేతిమీటరుతో సైటంతా నడిచి చూడటం. డబ్బాలో పడని మూల ఏదైనా ఉంటే నడకలో బయటపడుతుంది.

ఆ పొద్దున బయల్దేరే ముందు ఎప్పటిలాగే అడగాల్సిన ప్రశ్న అడిగాను. ఆ ప్రశ్న మా ఆఫీసులో పెట్టింది నేనే: 'ఈమధ్య ఎవరైనా స్కాను తీయించుకున్నారా?' కొన్ని స్కానుల్లో నరంలోకి ఎక్కించే మందు కిరణాలు వదులుతుంది గదా, నీకు తెలియనిదేముంది. అలాంటివాళ్ళు మీటరు దగ్గరకు రాకూడదు. మైకు లేదన్నాడు, కోడలు లేదంది. జీపెక్కాం.

రోడ్డు పక్కన జీపు ఆగగానే కోడలు దిగి, ముందుకు నడిచి వెళ్ళి మీటరు చూసుకుంది. మామూలు అంకె. నేను నోట్సు అట్ట పట్టుకుని దిగి, ఆవిడ పక్కనే నడుస్తూ రాసుకోవడం మొదలుపెట్టాను. రెండడుగులు వేశామో లేదో అంకె లేచింది. మామూలుకు నాలుగైదు రెట్లు. సైటు మొదట్లో అంతే, మధ్యలో అంతే, బోరు దగ్గరా అంతే. పడమటి వైపు ఒక రాతి గుట్ట ఉంది. ఆ జాతి రాళ్ళలో యురేనియం కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ రాయే మట్టి కింద సైటంతా పరుచుకుని ఉంటుందని కోడలికి అక్కడే ఒక పెద్ద పాఠం చెప్పాను. నా గొంతు నాకే ముద్దొచ్చేలా చెప్పాను.

కోడలు విని, "కానీ నా డబ్బాల్లో మట్టి అలా చెప్పలేదు సార్" అంది.

"డబ్బాలో పట్టేది దోసెడు మట్టి. మీటరు చూసేది నేలంతా" అన్నాను.

"రాయి వల్లయితే గుట్ట దగ్గర పెరగాలి, దూరంగా తగ్గాలి. ఇది పెరగదు, తగ్గదు. మనతో పాటు నడుస్తోంది."

ఎండెక్కింది. వడ్రంగి పెద్దాయన వచ్చి మా మొహాలు చూశాడు. నేను నాన్చకుండా, కొంచెం ఆగాల్సి వచ్చేలా ఉందని చెప్పేశాను. ఆయన నేల వంక చూసి, "నది పొమ్మంటే ఇటొచ్చాం. ఇప్పుడు ఈ నేల కూడా పొమ్మంటే ఎటు పోతాం అయ్యగారూ" అన్నాడు. నేను అట్ట మీద 'పని ఆపవలెను' అని రాయడానికి కలం తీశాను. నేను రాసి సంతకం పెట్టి ఉంటే ఆ జాగా ఆ రోజుతో సరి. ఇన్నేళ్ళ నా సంతకం మీద మళ్ళీ కొలిచి చూసేవాళ్ళు ఎవరూ లేరు.

కోడలు నా చేతిలో కలం చూసింది. "ఒక్క నిమిషం ఆగండి సార్" అని మీటరు తీసుకుని ఒక్కతే నడుచుకుంటూ బోరు దాకా వెళ్ళింది. అక్కడ నిలబడి చాలాసేపు చూసింది. తిరిగొచ్చింది. నాకు నాలుగు గజాల దూరంలో ఆగిపోయింది. మీటరు చూసింది, నన్ను చూసింది. ఆ పిల్ల మొహం అప్పుడు ఎలా ఉందో రాయడం నా వల్ల కాదు. లెక్క తేలిందన్న వెలుగు లేదు, పాపం. తేలకపోతే బాగుండునన్నట్టు ఉంది.

"సార్, మీరు ఒకసారి ఆ చివర గట్టు దాకా వెళ్ళి నిలబడండి."

అందరి ముందూ అంది. మైకు ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, ఆయన వెనక నది ఒడ్డువాళ్ళు పదిమంది ఉన్నారు. నేను ఆవిడకు పైఅధికారిని, ఆ పైన మామగారిని. వెళ్ళి గట్టు మీద నిలబడ్డాను. అక్కడినుంచే, "ఎంతుంది?" అని అరిచాను.

"మామూలు."

"ఇప్పుడు?" అంటూ నడిచొచ్చాను.

ఆవిడ మీటరు నా వైపు తిప్పింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామంటే ఇదే. ఆ మిట్టలో ఏ దోషమూ లేదు. పొద్దున్నుంచీ మేం కొలుస్తున్నది నన్నే.

వడ్రంగి పెద్దాయన ఏమీ అర్థంకాక, "అయ్యగారికేమన్నా సోకిందా అమ్మా?" అని అడిగాడు. కోడలు ఆయన వైపు తిరిగి, "తప్పు నేలది కాదండీ. మాది. రేపు మళ్ళీ మొదటినుంచీ కొలుస్తాం" అంది. చూశావా, 'మాది' అంది. నన్ను వేలెత్తి చూపలేదు, అబద్ధమూ ఆడలేదు.

తర్వాత మైకును టీ తెమ్మని దూరంగా పంపి, జీపులో నా పక్కన కూర్చుంది. "మామయ్యా, ఏం స్కాను తీయించుకున్నారు?" అంది. ఇంటి గుమ్మం దాటాక ఆ పిలుపు వినడం అదే మొదలు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఏ స్కానమ్మా అన్నాను. ఆవిడ మీటరు ఎత్తి నా ఛాతీ దగ్గర పెట్టింది. అంకె చూసి, "గుండెకా?" అంది. నేను తలూపాను.

ఇదిగో, నీ ఆఖరి ప్రశ్నకు వచ్చేశాం. 'మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గిందా, డాక్టరుకు చూపించుకున్నారా' అని వరసగా మూడు ఉత్తరాల్లో అడిగావు. గ్యాసు అని రాశాను, ఎండలని రాశాను, మూడోసారి అసలు రాయనే లేదు. తగ్గలేదు. మెట్ల దగ్గరే కాదు, సంత సంచి మోసినా ఛాతీ పట్టేసేది. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చూపించుకున్నాను. పరిగెత్తే బెల్టు మీద నడిపించి, మందు ఎక్కించి గుండెకు స్కాను తీశారు. ఒక నాళం బాగా సన్నబడిందన్నారు. గొట్టం పంపి చిన్న స్టెంటు పెడితే సరిపోతుందట, కానీ ఆలస్యం చేయొద్దన్నారు. 'మా ఆవిడ ఊళ్ళో లేదు, ఆవిడ నర్సింగు పిల్లల పరీక్షలు అయ్యాక వస్తాను' అని డాక్టరుకు చెప్పి లేచొచ్చాను.

ఆ మందు ఆరు గంటలకు సగమయ్యే రకం అనుకున్నాను. సైటుకు వెళ్ళే నాటికి స్కాను తీసి నాలుగు రోజులైంది, ఆ లెక్కన ఒంట్లో ఏమీ మిగలకూడదు. అందుకే మీటరు లేచినా నా మీద నాకు అనుమానం రాలేదు. కానీ వాళ్ళు ఎక్కించింది మూడు రోజులకు సగమయ్యే రకం. ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళందరికీ ఈ లెక్కలు చెప్పేవాణ్ణి, అక్కడ నా ఉద్యోగం ఏమిటో కూడా చెప్పకుండా చొక్కా తొడుక్కుని వచ్చేశాను. ఎక్కడ నీ చెవిన పడుతుందోనన్న కంగారు. మందు వల్ల పక్కవాళ్ళకు ప్రమాదమేమీ లేదులే, మీటరుకే బెంగ. ఇక ఆ పొద్దున్న ప్రశ్న అంటావా, అడిగేవాణ్ణి నేనే కాబట్టి నన్ను అడిగినవాళ్ళు లేరు. నేను అబద్ధం చెప్పలేదని నీతో వాదించవచ్చు. నెగ్గనని తెలుసు కాబట్టి వాదించను.

జీపులో ఇదంతా విని కోడలు అడిగిన మాట ఇది: "అత్తయ్యగారి పరీక్షలు అయ్యేదాకా ఆగమని మీ గుండెకు కూడా చెప్పొచ్చారా మామయ్యా?" నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర అబ్బాయికి నా చేతే చెప్పించింది. వాడు చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి, బయటికెళ్ళి బైకు తుడవడం మొదలుపెట్టాడు. అది పొద్దున తుడిచిన బైకే.

మర్నాడు నన్ను మీటరు దగ్గరకు రానివ్వలేదు. జీపు రోడ్డు అవతల పెట్టించి, అందులోంచి దిగొద్దంది. నేను కూర్చుని చూశాను. ఆ పిల్ల ఆ మిట్టంతా ఒక్కతే నడిచింది. వరసగా, దున్నినట్టు, ఒక చివర నుంచి ఇంకో చివరకు, మళ్ళీ వెనక్కి. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా అడుగు దాటెయ్యలేదు. నేను ఎందరికో పని నేర్పాను, వాళ్ళలో కొందరు నాకంటే పెద్ద కుర్చీల్లో ఉన్నారు. ఎవర్ని చూసినా నాకు ఇలా అనిపించలేదు. పక్కన నువ్వుంటే బాగుండుననిపించింది. మైకుతో, "అది మా కోడలు" అన్నాను. "తెలుసు సార్, పెళ్ళికి జీపు నడిపింది నేనే" అన్నాడు. అయినా ఇంకోసారి చెప్పాను.

నేలంతా మామూలే. వడ్రంగి పెద్దాయన బోరునీళ్ళు గ్లాసులో పట్టి తెచ్చి, "నువ్వు తాగి చూపిస్తావా అమ్మా?" అని అడిగాడట. "నేను తాగితే మీకు ధైర్యం వస్తుందేమో గానీ, అది రుజువు కాదు" అని, ఆయన్ని ఒక దర్వాజా పక్కన కూర్చోబెట్టి అంకెలన్నీ చూపించింది. ఇక్కడి నీళ్ళలో ఎంతుంది, ఎంత దాటితే తాగకూడదు, ఏడాదికోసారి ఎందుకు మళ్ళీ చూపించుకోవాలి, అన్నీ. ఆయన చివరిదాకా విన్నాడు. అప్పుడు కోడలు, "దాహంగా ఉంది, ఇప్పుడివ్వండి" అని గ్లాసు అందుకుని తాగేసింది. ఇది ఆయనే వచ్చి నాకు చెప్పాడు. "మీ అమ్మాయా?" అన్నాడు. అవునన్నాను.

నివేదిక కూడా తనే రాసింది. 'మొదటి రోజు కొలతలు చెల్లవు. బృందంలో ఒకరు అంతకుముందు స్కాను తీయించుకుని ఉన్నారు. బృందం అడగలేదు' అని ఉంది. నేను చదివి, అడగలేదనే రాశావేం, దాచాడని రాయొచ్చుగా అన్నాను. "మీరు దాచారో లేదో నేను కొలవలేదు సార్. అడగలేదని మాత్రం నాకు తెలుసు" అంది. నా తప్పు ఎక్కిన కాగితం మీద ఇంత గర్వంగా నేనెప్పుడూ సంతకం పెట్టలేదు. ఆఫీసులో పద్ధతి కూడా మార్చేసింది. ఇకమీదట ప్రశ్న అడిగేవాళ్ళను ముందు మిగతావాళ్ళు అడగాలి. అక్కడ పునాదులు తవ్వుతున్నారు. ఇక కూరల మాట ఎత్తుతావా?

నీకు ఈ సంగతి తను రాయనంది. "అది మీరే రాయాలి, రాసేదాకా సైటుకు రాకండి" అంది. పైఅధికారిని నేను. నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నాను.

ఆ నర్సింగు కాలేజీకి నువ్వు వెళ్ళనంటుంటే పెట్టె సర్ది బస్సెక్కించింది నేనే. నిన్ను ఎక్కడికీ వెళ్ళొద్దనలేదు, వెళ్ళాక త్వరగా రమ్మనలేదు, ఇది నా గొప్పని నలుగురితో చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు కూడా పరీక్షలయ్యాక నెమ్మదిగా రా అని ఒక వాక్యం రాశాను. చదువుకుని కొట్టేశాను. నీ పిల్లలు నువ్వు నేర్పినవాళ్ళు, నువ్వు లేకపోయినా పరీక్ష రాయగలరు. నేనే, ఆసుపత్రిలో ఆ బల్ల మీద నువ్వు లేకుండా పడుకోలేను. నాకు భయంగా ఉంది. నువ్వు రా.

ఇట్లు,
వీధిలో బస్సు చప్పుడైనప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి చూస్తున్న
మీ ఆయన